నేను ఒట్టిదే అన్న గేదె

ఈమధ్య ఒకరోజు పొద్దున్నే మా ఆవిడ నైటీ తొడుక్కుని గేదె పాలు పితుకుతున్నాను. పక్కింటాయన గోడ మీంచి చూశాడు. చూసి, ఏమీ అనకుండా తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

సంగతేమిటంటే, మా ఆవిడ రెండు రోజులకని రావికమతంలో చెల్లెలింటికి వెళ్ళింది. గేదె నాకు చేపలేదు. చేపడం అంటే పాలు పొదుగులోకి దించడం. అది గేదె ఇష్టం, మన ఇష్టం కాదు. తవుడు పెట్టాను, వేణ్ణీళ్ళతో పొదుగు కడిగాను, దూడను ఎదురుగా కట్టాను. ముప్పై మూడేళ్ళు ఊరూరా తిరిగి రైతులకు చెప్పినవన్నీ వరసగా చేశాను. చుక్క రాలలేదు. చివరికి మా ఆవిడకు ఫోన్ చేశాను. "దండెం మీద నా నైటీ ఉంది, తొడుక్కుని కూకోండి. మాటాడకండి. మాటాడితే మీరని దానికి తెల్సిపోద్ది" అంది. తొడుక్కున్నాను, నోరు మూసుకున్నాను, గేదె చేపింది. దానికి మా ఆవిడ వాసన కావాలి గాని నా సర్వీసుతో పనిలేదు.

రిటైరయ్యాక పాడి పెట్టుకుంటే కాలక్షేపం అవుతుందనుకున్నాను. ఒక గేదె, ఒక దూడ, ఎనిమిది కోళ్ళు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పాడి అంటే పాలు అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది, పాడి అంటే పేడ. పాలు రెండు పూటలే, పేడ అన్ని పూటలా ఉంటుంది. ఐదింటికి లేచి పేడ తియ్యాలి, కుడితి కలపాలి, గట్టు మీద గడ్డి కోసుకు రావాలి, కోళ్ళ గంప ఎత్తాలి. అవి వెళ్ళి ఎవరి పెరట్లో గుడ్డు పెట్టాయో వెతుక్కోవాలి. మీటింగుల్లో మైకు పట్టుకుని "ఖాళీ సమయంలో పశుపోషణ" అని చెప్పేవాణ్ణి. ఆ ఖాళీ సమయం ఎక్కడుందో ఒక్క రైతయినా లేచి నన్ను అడగలేదు. అది వాళ్ళ మర్యాద.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, మాకేమైనా చెప్పండి సార్ అంటారు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి పెద్దగా లేవు కూడా. రిజిస్టర్ల సంగతి మీకే బాగా తెలుసు, ఫోన్లోనే నింపేస్తున్నారు. నా దగ్గర ఉన్నవల్లా నా తెలివితక్కువ పనులు. వాటికి కొదవలేదు.

ఒక మాట ముందే చెప్పాలి. నేను డాక్టరును కాను, పశువుల ఆస్పత్రిలో అసిస్టెంటును. ఊళ్ళలో సూది పట్టుకున్న ప్రతివాడూ డాక్టరే. చేరిన మొదటి నెల ఎవరైనా "డాక్టరు బాబూ" అంటే కాదని చెప్పేవాణ్ణి. రెండో నెలకు చెప్పడం మానేశాను. మూడో నెలకు అలా పిలవనివాళ్ళ మీద కోపం వచ్చేది.

కోడి టైము

మొదట్లో నన్ను కొయ్యూరు వైపు వేశారు. కోళ్ళకు కొక్కెర తెగులు టీకాలు వెయ్యడానికి కొండ మీద ఒక ఊరికి వెళ్ళాను. ఆ తెగులు తగిలితే ఊళ్ళో కోడి అన్నది మిగలదు. కొండమీద ఇళ్ళకు కోడి అంటే కూర ఒక్కటే కాదు. చుట్టం వస్తే అదే, మొక్కు ఉంటే అదే, అవసరం పడితే సంతకు మోసుకుపోయేదీ అదే. ఆ ఊరు నాకోసం ఎదురు చూస్తోందని తెలిసి ఛాతీ కాస్త విరుచుకునే వెళ్ళాను.

ఐసు పెట్టిన ఫ్లాస్కు భుజాన వేసుకుని, ఆఫీసు మనిషిని కాబట్టి ఆఫీసు వేళకే, పదిన్నరకు చేరాను. ఊళ్ళో కోడి లేదు. అన్నీ వాలులో తుప్పల్లో మేస్తున్నాయి. తరిమాను. కంచె తగిలి ప్యాంటు చిరిగింది. ఊరంతా అరుగుల మీద కూర్చుని చూసింది. ఎవరూ నవ్వలేదు, కానీ ఎవరూ పనికి కూడా పోలేదు. రెండు గంటల్లో నాలుగు కోళ్ళు పట్టాను. వాటిలో ఒకటి రెండుసార్లు దొరికిందని, అందుకని మూడే అని ఒక ముసలమ్మ లెక్క సరిచేసింది. ఫ్లాస్కులో ఐసు నీళ్ళయిపోయింది.

అప్పుడు ఆ ముసలమ్మే చెప్పింది. "కోడి ఆపీసు టయానికి దొరకదు బాబూ. సందేళకి గంప కిందకి అదే ఒస్తాది. తెల్లారి గంప ఎత్తకముందు ఒస్తే ఒక్కోటీ నానే అందిత్తాను."

ఈ ముక్క పొద్దున్నే ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగనేదు గదా. పెద్ద సదువు సదుంకున్నోరు, ఇలాగ పరిగెట్టి పట్టడమే పద్దతేమో అనుకున్నాం" అంది. వెటకారం ఏమీ లేదు. నిజంగానే అలా అనుకున్నారు.

మర్నాడు కొత్త ఐసు, కొత్త మందు తెచ్చుకుని, ఆ రాత్రి అక్కడే పడుకుని, ఆ తెల్లవారి గంట లోపల ఊరంతా పూర్తి చేశాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచి ఇంటికొచ్చేసరికి మా పెరట్లో మా అమ్మ పెంచిన కోళ్ళన్నీ అదే తెగులుతో పోయాయి. ఊళ్ళ మీద పడి టీకాలు వేసినవాణ్ణి మా ఇంటికి వెయ్యడం మరిచిపోయాను. మా అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టేది.

పూర్తి వాక్యం

తర్వాత నర్సీపట్నం దగ్గరికి మార్చారు. అక్కడ మా డాక్టరుగారు, అసలైన డాక్టరుగారు, కోపం ఎక్కువ, మెప్పు తక్కువ ఉన్న మనిషి. పని బాగా చేస్తే ఏమీ అనేవారు కాదు. ఏమీ అనకపోతే అదే మెప్పని మేం సర్దుకునేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే అది మంచి పద్ధతి కాదు. రోజుకో మంచి మాట అంటే ఆయన సొమ్మేం పోయేది?

ఆయన నాకు నేర్పిన పని చూడి పరీక్ష. పశువు కడుపుతో ఉందో లేదో తెలియాలంటే భుజం దాకా తొడుగు వేసుకుని, వెనకనుంచి చెయ్యి పెట్టి గర్భసంచిని తడిమి చూడాలి. ఐదో నెలలో ఎవరికైనా తెలుస్తుంది. రెండో నెలలో తెలియాలంటే చేతికి ఓపిక ఉండాలి. ఆ ఓపిక నా చేతికి లేదు. మధ్యాహ్నం పన్నెండు దాటితే అసలు ఉండదు.

చెయ్యి పెట్టడం కన్నా చెప్పడం గురించి ఆయన ఎక్కువ చాదస్తంగా ఉండేవారు. "నీ చెయ్యి చూసింది నీకు తెలుసు. ఎదటివాడికి నీ నోరే దిక్కు. పూర్తి వాక్యం చెప్పు. చూడి అవునా కాదా, ఎన్ని నెలలు, మళ్ళీ ఎప్పుడు చూడాలి. ఈ మూడూ చెప్పకుండా చెయ్యి కడుక్కోకు" అనేవారు.

నాకది నామోషీగా ఉండేది. గొప్పవాళ్ళు ఒక్క మాటలో తేల్చేస్తారని నా నమ్మకం. అందుకని చూడి అయితే "చూడి" అనేవాణ్ణి, కాకపోతే "ఒట్టిది" అనేవాణ్ణి. అని, వెనక్కి చూడకుండా స్కూటరు ఎక్కేవాణ్ణి. నడకలో కూడా కాస్త తేడా వచ్చింది అప్పట్లో.

నూకరత్నమ్మ గేదె

రోలుగుంట అవతల ఒక ఊళ్ళో అప్పలనాయుడు, నూకరత్నమ్మ అని భార్యాభర్తలు. కాస్త వరి, కాస్త చెరకు, మెట్ట మీద నాలుగు జీడిచెట్లు. సాలలో ఒక గేదె, రెండు మేకలు, పెరట్లో డజను కోళ్ళు. చెరకు, వరి ఆయనవి. సాల, పెరడు ఆమెవి. అంటే అక్కడ పని ఆమెది. ఏది ఉంచాలి, ఏది అమ్మాలి అన్న మాట మాత్రం ఆయనదే. నాయుడు చెడ్డవాడు కాదు. ఇంట్లో ఆడమనిషిని అడగాలన్న ఆలోచన ఆయనకు రాలేదు, అంతే. నాకూ రాలేదు కాబట్టి ఆయన్ని తప్పు పట్టను.

ఆ గేదెను నూకరత్నమ్మ దూడప్పటినుంచి పెంచింది. తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి బతికించింది. ఒక ఈత ఈనాక ఏడాది దాటినా మళ్ళీ చూడి కట్టలేదు. పాలు తగ్గిపోయి పిల్లలకు పూటకో గ్లాసు వస్తున్నాయి. ఆ వేసవి గడ్డికి కరువు. గొడ్డుపోయిన గేదెకు మేత దండగని నాయుడు బేరం కుదిర్చాడు. కొనేది పాడికి కాదు, కోతకు.

ఆ బేరం తెగే ముందు ఆమె నన్ను పిలిపించింది. నేను వెళ్ళేసరికి ఒంటిగంట. నాయుడు చెరకు తోటలో ఉన్నాడు. నేను తొడుగు వేసుకుంటుంటే ఆమె ఏదో చెబుతూనే ఉంది. నా మనసు ఇంట్లో పులుసు మీద ఉంది. చెయ్యి పెట్టి, అర నిమిషం తడిమి, తీసేశాను.

"ఏటి బాబూ, ఎలాగుంది? ఇది గొడ్డుపోయిందంటన్నాడు మా ఆయన. లచ్చివారం ఎవులో ఒచ్చి తోలుకెల్తారంట" అంది.

"ఒట్టిదే" అన్నాను. చేతులు కడుక్కుని స్కూటరు ఎక్కాను.

ఆ లక్ష్మీవారం నాకు గుర్తుకు కూడా రాలేదు. ఎనిమిది నెలలు పోయాక ఒక పొద్దున్న కబురు వచ్చింది. నూకరత్నమ్మ గేదె ఈనింది, మాయ పడలేదు, బేగి రమ్మంటున్నారని. నేను దారి పొడుగునా కొత్త గేదె కొన్నారనుకున్నాను. వెళ్ళి చూస్తే అదే గేదె, పక్కన తడి ఆరని పెయ్యదూడ. గేదె పది నెలల పది రోజులు మోస్తుంది. వేళ్ళ మీద లెక్క కట్టాను. నేను ఒట్టిదన్న రోజున అది రెండు నెలల చూడి. నా వేళ్ళ కిందే ఉంది, నా వేళ్ళకు తెలియలేదు. నా మాట విని ఉంటే తల్లీ బిడ్డా కలిసి కత్తి కిందికి పోయేవి. ఇందులో హాస్యం ఏమీ లేదు.

తిడతారని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. నాయుడు ఊళ్ళోవాళ్ళను పిలిచి మరీ చెబుతున్నాడు. "గొడ్డుపోయిందని నానంటే, ఆ మాట ఒట్టిదే అన్నారంట డాక్టరు బాబు. రెండు నెల్ల సూడిని సేత్తో పట్టీసినారు. ఆరి మాట మీదే నాను బేరం ఒగ్గీసినాను."

అప్పటికి అర్థమైంది. నేను ఒట్టిదన్నది గేదెని. ఆమె ఒట్టిదని విన్నది మొగుడి మాటని. నా చెయ్యి తప్పు, నా నోరు తప్పు, రెండు తప్పులూ ఎదురెదురుగా వచ్చి ఒక దూడ పుట్టింది. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో నూకరత్నమ్మ జున్ను గిన్నె చేతిలో పెట్టింది. తిన్నాను. జున్ను నోట్లో ఉండగా నిజం చెప్పడం కష్టం.

నా కీర్తి

ఆ కథ నాకన్నా ముందు ఊళ్ళు తిరిగింది. రావికమతం నుంచి కూడా నా చేత్తోనే చూడి పరీక్ష చేయించుకోవాలని వచ్చేవాళ్ళు. మా డాక్టరుగారికీ తెలిసింది. రెండో నెలలో ఎలా పట్టావని అడిగారు. "చేతివాటం సార్" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చేతివాటం అంటే దొంగతనం కూడా" అన్నారు. ఆయనకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక మేలు జరిగింది. భయం పట్టుకుంది. ఇంకెవరి గేదె నా ఒక్క మాట మీద పోతుందోనని, ఆ రోజు నుంచి పూర్తి వాక్యాలు చెప్పడం మొదలుపెట్టాను. "ఇప్పటికి నాకు చూడి తెలియడం లేదు, నెల పోయాక మళ్ళీ చూస్తాను, అంతవరకు అమ్మకండి" అని చేతులు కడుక్కోకముందే చెప్పేవాణ్ణి. తెలియడం లేదని చెప్పినందుకు నన్ను ఎవరూ చిన్నచూపు చూడలేదు. పైగా, అంత గొప్పవాడు కూడా ఎంత జాగ్రత్తగా చెబుతాడో చూడండి అనుకున్నారు. మంచి పేరు ఒకసారి వచ్చిందంటే దాన్ని చెడగొట్టుకోవడం కూడా మన చేతిలో ఉండదు.

ఇరవై ఏళ్ళు అలాగే గడిచాయి. ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా నూకరత్నమ్మ మజ్జిగ ఇచ్చేది. ఈసారి చెప్పెయ్యాలి అనుకుంటూ తాగేవాణ్ణి. గ్లాసు ఖాళీ అయ్యేది, మాట రాకుండానే లేచి వచ్చేవాణ్ణి.

శాలువా కప్పిన మర్నాడు

రిటైరయ్యే రోజు సభ పెట్టారు. నా గురించి మాట్లాడినవాళ్ళంతా ఆ ఒక్క కథే చెప్పారు. ఒకాయన రెండు నెలల చూడి అన్నాడు, తర్వాతి ఆయన నెలన్నర అన్నాడు. ఇంకో ఇద్దరు మాట్లాడి ఉంటే గేదె ఎదకు రాకముందే నేను చూడి పట్టేసేవాణ్ణి. అందరూ చప్పట్లు కొడుతుంటే మెడలో దండతో చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాను. ఇంటికెళ్ళి సరిగ్గా అన్నం తినలేదు. సిగ్గేసింది. ఒక మనిషి నమ్మకం మీద ఇన్నేళ్ళు బతికేశానని బాధేసింది.

మర్నాడు పొద్దున్నే రోలుగుంట బస్సెక్కాను. నూకరత్నమ్మ సాల ముందు కూర్చుని కత్తిపీట మీద గడ్డి తరుగుతోంది. వెనక ఒక నల్లటి పెయ్య కట్టి ఉంది, ఆ పాత గేదె మునిమనవరాలో ఏదో. కూర్చోకుండానే చెప్పేశాను. ఆరోజు నేను ఒట్టిదన్నది గేదెనేనని, ఆమె పొరపాటుగా విన్నదని, తప్పు నాదని, క్షమించమని.

ఆమె తరగడం ఆపలేదు. "నాను సరిగ్గానే ఇన్నాను బాబూ" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే విడమరిచి చెప్పింది.

"మేతేసీది నాను, కుడితెట్టీది నాను, పాలు తీసీది నాను. దున్నకి కట్టించి రెండు నెల్లు దాటినాది. మళ్ళీ ఎదకి రానేదు. ఉన్న కాసిన్ని పాలూ సిక్కబడిపోనాయి. సూడి కట్టిందని నాకు తెల్దా? ఇదంతా ఆరోజు మీకూ సెప్పినాను. మీరు ఇన్నేదు."

మరి నన్నెందుకు పిలిచారని అడిగాను.

"నా మాటెవులింతారు బాబూ. ఆపీసు మనిషి మాటయితే మా ఆయన ఇంతాడు. మీరేమో ఒట్టిదే అనీసి బండెక్కీసినారు. ఏటి సెయ్యాల? 'గొడ్డుపోయిందని నువ్వన్న మాట డాక్టరు బాబుకి సెప్పినాను, ఒట్టిదే అన్నారు' అని మా ఆయనతో అన్నాను. అబద్దం ఆడనేదు. ఏది ఒట్టిదో సెప్పనేదు, అంతే."

నేను గట్టు మీద కూలబడ్డాను. ఆమె ఇంకా చెప్పింది. ఆ తర్వాత కూడా ఇంట్లో ఏది కావాలన్నా నా పేరే వాడుకుందట. మేకలకు పాక వెయ్యాలంటే డాక్టరు బాబు వెయ్యమన్నారు. కోళ్ళతో పొదిగించే గుడ్లు అమ్మకూడదంటే డాక్టరు బాబు అమ్మొద్దన్నారు. దూడకు పాలు సగం వదలాలంటే డాక్టరు బాబు గట్టిగా చెప్పారు. ఇరవై ఏళ్ళపాటు ఆ ఇంట్లో నేను ఇచ్చిన సలహాలు ఒక్కటీ తప్పు పోలేదు. నా సర్వీసు మొత్తం మీద అంత బాగా పనిచేసిన చోటు ఇంకొకటి లేదు, అక్కడ నేను లేను.

"ఆయనతో అనకండి బాబూ" అంది, మొదటిసారి నా వంక చూసి. "ఇప్పుడు కూడా దీన్ని అమ్ముతానంటన్నాడు. మీరొద్దన్నారని సెప్పినాను."

అంతలో నాయుడు తోటలోంచి వచ్చాడు. నన్ను చూసి సంతోషించాడు, క్షేమం అడిగాడు. తర్వాత పెయ్య వైపు చూపించి, "దీన్ని కొంటానని ఒకడు తిరగతన్నాడు. అమ్మొద్దని పోన్లో సెప్పినారంట గదా. ఎందుకొద్దన్నారు బాబూ?" అని అడిగాడు.

నూకరత్నమ్మ చెయ్యి కత్తిపీట మీద ఆగిపోయింది.

నేను నిజం చెప్పడానికి వెళ్ళినవాణ్ణి. కానీ ఆ నిజం నాకు తేలిక, ఆమెకు బరువు. అది చెబితే ఆమెకు ఇంట్లో చెల్లుతున్న ఒక్క మాటా పోతుంది. "ఒద్దనే అన్నాను నాయుడుగారూ" అన్నాను. "ఎందుకన్నానో మాత్రం నాకు గుర్తులేదు, రిటైరయ్యాక బుర్ర పనిచెయ్యడం లేదు. నూకరత్నమ్మకి అన్నీ తెలుసు. ఆవిణ్ణి అడగండి."

ఆయన భార్య వైపు తిరిగి, "ఎందుకే?" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, చెప్పడం మొదలుపెట్టింది. పెయ్య తల్లి ఎన్ని ఈతలు ఈనిందీ, ఏ ఈతకు ఎన్ని పాలిచ్చిందీ, ఇది ఏ నెలలో ఎదకు వచ్చేదీ, ఏ దున్నకు కట్టించాలో, ఏ దున్న పనికిరాదో, చాలాసేపు చెప్పింది. అప్పలనాయుడు కండువా పరుచుకుని కూర్చుని విన్నాడు. మధ్యలో రెండుసార్లు ప్రశ్నలు వేశాడు, నన్ను కాదు, ఆమెనే అడిగాడు. నేనూ పక్కన కూర్చుని చివరిదాకా విన్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు చెయ్యవలసిన పని రిటైరైన మర్నాడు చేశాను.